పాచి కాదు, చిలుము

మా చుట్టుపక్కల ఒక కథ చెప్పుకుంటారు. ఫోటో స్టూడియో మూసేసిన ఒకాయన కడప పొలిమేరలో స్విమ్మింగ్ పూల్ కట్టాడని, ఎరువుల దుకాణం నడిపే వాళ్ల బావ అందులో మైలుతుత్తం పోసి నీళ్లన్నీ పాడు చేశాడని, అప్పుడు స్టూడియో ఆయన ఫోటో కడిగినట్టు నీళ్లను కడిగి అద్దంలా చేశాడని. కథ బాగానే ఉంటుంది. పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీ బంకుల దగ్గర నేనే ఎన్నోసార్లు విన్నాను. ఆ స్టూడియో ఆయన నేనే. అందులో పూల్ నిజం, నీళ్లు నిజం, మైలుతుత్తం నిజం. ఎవరు పోశారు, ఎవరు బాగు చేశారు అన్న రెండు ముక్కలు మాత్రం తారుమారయ్యాయి. ఆ రెండూ సరిచేద్దామని ఇది రాస్తున్నాను.

ఫోన్లు వచ్చాక స్టూడియో నడవలేదు. ఊళ్లో ప్రతివాడూ ఫోటోగ్రాఫరే అయ్యాక నా ముందు నిలబడి గడ్డం పైకెత్తేవాడెవడు? అప్పుడు మా అక్క, బావ నాకొక దారి చూపించారు. వాళ్లకు కడప బయట, పాత బండల గని పక్కన, ఎండిపోయిన చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒకటి ఉండేది. పాత బోర్లన్నీ అడుగంటాయి. చివరగా, చాలా లోతుకు వేసిన ఒక్క బోరులో నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లతో తోట మొత్తం తిరిగి పెట్టలేం. ఒక పూల్ మాత్రం నింపొచ్చు. కడపలో ఎండాకాలం పిల్లలకు పోవడానికి చోటేముంది? నేను నడపాలి, స్థలం వాళ్లది, అన్నారు.

ఊరు ఊరుకుంటుందా? "తాగేదానికే ట్యాంకరు కోసం కాచుకోనుంటే, ఈదేదానికి నీళ్లా?" అని ఎత్తిపొడిచారు. మా బావ తగ్గే మనిషి కాదు. "ఏమప్పా, పుష్కరాలకు పోయి మునిగితే పుణ్యం, మా దాంట్లో మునిగితే పాపమా?" అని ఎదురడిగేవాడు.

మా బావ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన దుకాణంలో మందుల కంటే మాటలు ఎక్కువ అమ్ముడుపోయేవి. రైతు వచ్చి ఫలానా మందు ఇవ్వమంటే ముందు ఆకు చూపించమనేవాడు. ఆకు చూసి, "నీ చెట్టుకు రోగం లేదు. రోగం నీకుండాది, ఊరికే మందు కొట్టే రోగం. పోయి రెండు తడులు ఆపు" అని పంపేసేవాడు. అక్క తల కొట్టుకునేది. "ఈయన నోరు తెరిస్తే మనం దుకాణం మూసుకోవాల్సిందే" అనేది. కానీ ఆ తిట్లు తినడానికే రైతులు దూరం నుంచి వచ్చేవాళ్లు. తిట్టిన మనిషి మాట మీద అంత నమ్మకం.

పూల్ తొలిసారి నిండిన రోజు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున ఉన్న తెల్ల టైల్స్ మధ్య గీతలు గట్టు మీద నుంచే కనబడ్డాయి. నేను గట్టు మీద కుర్చీ వేసుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడే దగ్గర పల్లె నుంచి ఒక సంఘపెద్ద వచ్చాడు. నెమ్మదైన మనిషి. మోటారు సైకిలు దూరంగా నిలిపి, నడిచి వచ్చాడు.

"అన్నా, బాప్తిస్మం ఉండాది. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. మా పద్ధతిలో మునగాల్సిందే, చెంబుతో పోసుకుంటే కాదు. నువ్వు పూల్ తెరవకముందే ఒక ఆదివారం పొద్దున మాకిస్తావా?" అన్నాడు.

"ఎంతమంది?" అన్నాను.

"శానామంది లేరులే. మా అమ్మ గూడా ఉండాది. ఏరు పారినప్పుడు మునగలేదు, ఇప్పుడు మునుగుతానంటే ఏరు లేదు. మోకాళ్ల నొప్పులు. నీ మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండాది చూడు, అది చూసే వచ్చినా."

నాకు ఛాతీ పొంగిపోయింది. పూల్‌లో దిగే మొదటి మనుషులు అంత పెద్ద పనికి దిగుతున్నారు. "అద్దం లాంటి నీళ్లిస్తానన్నా. మీ తెల్లబట్టలు ఇంకా తెల్లగా అయి వస్తాయి" అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం నీళ్లలో బ్లీచింగ్ కలిపాను. ఎంత వేయాలో డబ్బా మీద ఉంది. కానీ అంత పెద్ద పనికి అంత చిన్న కొలత ఏమిటి అనిపించింది. పెళ్లి పప్పులో ఇంకో గరిటె నెయ్యి వేసినట్టు చేతికొచ్చినంత వేశాను. పొద్దున వచ్చి చూస్తే పూల్ నిండా టీ. పాలు పోయని టీ, అంచుల్లో ఆకుపచ్చ జీర. మా స్టూడియో చీకటి గదిలో డెవలపర్ తొట్టెలో తెల్ల కాగితం వేస్తే మెల్లగా ముఖం తేలేది. అట్లాగే, ఏమీ లేని నీళ్లలో నుంచి రంగు తేలింది.

పొద్దెక్కేసరికి ప్రహరీ మీద మోచేతులు ఆనించి అరడజను మంది నిలబడ్డారు. "పాచప్పా, పాచి" అన్నారు. ఆకుపచ్చ కనబడితే పాచే అని నేనూ అనుకున్నాను. జీవితమంతా రంగులతో బతికినవాణ్ని, నాకు తెలియదా?

కబురందుకుని బావ వచ్చాడు, వెనకే కూరగాయల సంచీతో అక్క. చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, మెట్ల మీద నడుములోతు దిగాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రుద్దాడు.

"ఏం బామ్మర్దీ, పాచి అంటాండావంట?"

"మరేంది బావా?"

"పాచి అయితే చెయ్యి జర్రున జారతాది. ఇది గరుగ్గా ఉండాది. పాచి పడితే నీళ్లు మబ్బు కమ్ముతాయి. ఇది చూడు, రంగుండాది గానీ అడుగు కనబడతానే ఉండాది. ఇది పాచి కాదు, చిలుము."

ప్రహరీ మీద నవ్వులు పుట్టాయి. "చిలుము చెంబుకు పడతాది గానీ నీళ్లకు పడతాదా అన్నా? చింతపండు తెమ్మంటావా?" అన్నాడు ఒకడు.

"తెస్తే తే. నీ ముఖానికి గూడా రుద్దుతా" అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండానే. తర్వాత నాకు చెప్పాడు. "కడుపులో ఇనుముండే నీళ్లు ఇవి. అంత లోతునుంచి వచ్చేటప్పుడు గాలి తగల్లేదు కాబట్టి కంటికి కనబడలా. నువ్వు బ్లీచింగ్ కొడితివి, ఇనుము తుప్పు పట్టె. మన గేటుకు పట్టేదే, నీళ్లలో పట్టింది. అంతే."

"మరి తుప్పు అనొచ్చు గదా, చిలుమంటావేంది?"

"మా అమ్మ అన్నిటికీ చిలుమే అనేది. పేరుదేముండాదిలే, పాచి మాత్రం కాదు."

నమ్మకపోతే చూడమని ఒక తెల్ల బకెట్ తెప్పించి, బోరు నీళ్లు పట్టి, చిటికెడు బ్లీచింగ్ వేసి కలియతిప్పాడు. నా కళ్ల ముందే బకెట్లో టీ తయారయింది. తర్వాత అక్క సంచీలో నుంచి ఒక నిమ్మకాయ తీసి, సగానికి కోసి, మెట్టు మీద గోధుమరంగు మరక పడిన చోట రుద్దాడు. మరక కరిగి, కింద నుంచి తెల్లటి వృత్తం బయటపడింది. పాచి మరకైతే నిమ్మకాయకు లొంగదు, ఇనుము మరకే లొంగుతుంది అన్నాడు. ప్రహరీ మీదవాళ్లకు కావలసిన వినోదం అదే. "లారీడు నిమ్మకాయలు దింపు అన్నా! ఉప్పు, చక్కెర మేం తెస్తాం. ఊరంతా తాగొచ్చు!"

బావ గట్టెక్కి పంచె పిండుకుంటూ పని చెప్పాడు. బ్లీచింగ్ ఇక ముట్టుకోవద్దు. తాను పటిక తెప్పిస్తాడు. పటిక నీళ్లు కలిపి, మోటారు ఆపి, పూల్‌ను కదిలించకుండా వదిలేస్తే తుప్పంతా అడుగుకు దిగుతుంది. అప్పుడు పైపుతో మెల్లగా లాగేయొచ్చు. "ఆదివారానికి అయిపోతాది. నేను కోయిలకుంట్ల దాకా పోయొస్తా, ఎవురిదో శనగ పురుగు తినేస్తా ఉందంట. వచ్చినాక చేద్దాం. అంతవరకు నువ్వేమీ చెయ్యొద్దు. చేతులు కట్టుకోని కూచో."

చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే కష్టమైన పని మా వంశంలో ఎవరికీ చెప్పి ఉండరు. బావ పోయిన తర్వాత వచ్చినవాళ్లందరూ పాచి అనే అన్నారు. ఒకాయన, వాళ్ల పొలం తొట్టెలో పాచి పడితే మైలుతుత్తం గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే పోయిందని చెప్పాడు. అది నిజమే. పాచి మీద మైలుతుత్తం పనిచేస్తుంది. నాది పాచి అయితే.

ఆదివారం దగ్గరికొస్తోంది. టీ అట్లాగే ఉంది. నేను స్కూటరు తీసుకుని బావ దుకాణానికి పోయాను. గల్లాపెట్టె దగ్గర అక్క ఉంది.

"మైలుతుత్తం కావాల్నక్కా."

"దేనికిరా? మీ బావ పటిక అన్న్యాడే?"

"బావే ఫోన్ చేసి చెప్పినాడు" అన్నాను.

అంత చిన్న అబద్ధం. బస్సులో టికెట్ అడిగితే పాస్ ఉంది అన్నంత తేలిగ్గా వచ్చేసింది. అక్క లేచి ప్యాకెట్లు తీసిచ్చింది. వాటి మీద దుకాణం ముద్ర ఉంది. పూల్ దగ్గర మొదట మర్యాదగా గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేలాడదీశాను. కాసేపు చూశాను. ఏమీ కాలేదు. ఇంకాసేపు చూశాను. ఆ తర్వాత మూట విప్పి మొత్తం కుమ్మరించాను.

మరుసటి పొద్దుటి రంగును నెమలి మెడ రంగు అందామంటే అందం వస్తుంది. ఆ నెమలికి జ్వరం వచ్చి, సున్నపు తొట్టెలో పడిందనుకోండి, అదీ రంగు. నీళ్లు నీలంగా, పచ్చగా, పైగా పాలు విరిగినట్టు మబ్బుగా అయ్యాయి. మెట్టు మీద చెయ్యి పెడితే కనబడటం లేదు. మా సున్నపు నీళ్లలో తుత్తం కరిగి ఊరుకోదని, పొడిలా విరిగి తేలుతుందని బావ తర్వాత చెప్పాడు.

ఆ పొద్దునే అందరూ ఒకేసారి వచ్చారు. కోయిలకుంట్ల నుంచి బావ, ఇంటి నుంచి అక్క, పల్లె నుంచి సంఘపెద్ద. ఖాళీ ప్యాకెట్లు గట్టు మీదే పడున్నాయి. ప్రహరీ మీద రోజూ వచ్చేవాళ్లు సరేసరి.

బావ ఒక ప్యాకెట్టు తీసి చూశాడు. "ఇది ఎవురు పోసినారు?"

అక్క ముందు మాట్లాడింది. "ఎవురు పోసేదేంది? నువ్వే గదా పొయ్యమంటివి! ఫోన్ చేసి చెప్పినావంట. నేనే ఎత్తిచ్చినా."

బావ నా వైపు చూశాడు. నేను పూల్ వైపు చూశాను. ఆ రోజు పూల్‌ను చూడటానికి చాలా ఉంది, కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు. బావ నోరు తెరిచి, సంఘపెద్దను చూసి, మూసుకున్నాడు. బయటివాళ్ల ముందు బామ్మర్ది పరువు తీయడం ఆయనకు చేతకాలేదు. నేను మాత్రం ఆయన పరువును గట్టు మీద ఆ ప్యాకెట్ల పక్కనే వదిలేశాను.

"దేవుడు రంగు చూడడన్నా" అన్నాడు సంఘపెద్ద. "కానీ మా ఆడోళ్లు తెల్లచీరలు కొన్న్యారు, వాళ్లు చూస్తారు."

ఒక్క ఆదివారం వాయిదా వేసుకున్నాడు. వాళ్లమ్మకు ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ మోటారు సైకిల్ తోసుకుంటూ పోయాడు.

ఇనుము ఒక్కటే అయితే పటికతో పోయేది, చుక్క నీరు వృథా అయ్యేది కాదు. తుత్తం అంత సులభంగా వదలదు. సగం నీళ్లు తీసేసి కొత్త నీళ్లు కలపాల్సిందే అన్నాడు బావ. ఎండాకాలం మొదట్లో, పక్క పల్లె బిందెలు వరుసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూసే రోజుల్లో, మేం పైపు పెట్టి నీళ్లు బయటికి వదిలాం. ఏ పొలంలోకీ పోకుండా పాత బండల గని గుంతలోకి మళ్లించాం. ఆ నీళ్లను అట్లా పారబోస్తుంటే పైపు పట్టుకున్న నా చేతులకే సిగ్గేసింది.

అయితే నల్లటి గని గుంతలో ఆ నీలం నీళ్లు పడేసరికి చూడ్డానికి మహా అందంగా తయారయింది. జనం బండ్లు వేసుకుని వచ్చి సెల్ఫీలు దిగడం మొదలుపెట్టారు. 'మన కడపలో మాల్దీవులు' అని ఎవరో స్టేటస్ పెట్టారు. దాని కింద ఇంకెవరో, 'దయ: తుత్తమప్ప' అని రాశారు. అంతే. మా బావకు ఆ పేరు స్థిరపడిపోయింది. నీళ్లు లేని నేలలో నీళ్లు పారబోయించిన తుత్తమప్ప.

ఆ పేరు వినబడుతున్నా బావ ఆ వారమంతా నా పూల్ దగ్గరే పనిచేశాడు. కొత్తగా పోసే బోరు నీళ్లలోనూ ఇనుము ఉంటుంది కదా, దానికొక ఉపాయం చేశాడు. తోటలో మూలపడ్డ స్ప్రింక్లర్లు తెచ్చి, పక్కనున్న పొలం తొట్టె చుట్టూ నిలబెట్టాడు. బోరు నీళ్లు ముందు గాల్లోకి చిమ్మి, జల్లులా తొట్టెలో పడతాయి. గాలి తగిలిన ఇనుము అక్కడే తుప్పై తొట్టె అడుగుకు దిగిపోతుంది. పైన తేరిన నీరు పూల్‌లోకి పారుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆ జల్లు కింద మా అక్క కొంగు నడుముకు చుట్టుకుని నిలబడింది. "ఎన్నేండ్లయిందిరా వాన చూసి!" అని అరిచింది. "ఓమ్మేయ్, పక్కకు జరుగు, ఇనుమంతా నీకే పడతాది" అని బావ అంటే, "పట్టనీ, రక్తం తక్కువుందని డాక్టరమ్మ ఇనుము మాత్రలు ఇచ్చింది లే" అంది. నా అబద్ధం మధ్యలో ఉండగానే మేం ముగ్గురం అట్లా నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ గుచ్చుతుంది.

నేను చేసిన మంచి పని ఒక్కటుంది, అది కూడా చెప్పాలి. నీళ్లలో బ్లీచింగ్ ఇంకా ముక్కు పగిలేలా ఉంది. స్టూడియోలో ఫోటోలు కడిగే హైపో డబ్బాలు ఇంట్లో మిగిలి ఉన్నాయి. హైపో బ్లీచింగ్‌ను విరుస్తుందని నాకు తెలుసు. బావను అడిగితే "ఇది వెయ్యొచ్చు, కొలిచి వెయ్యి" అన్నాడు. కొలిచే వేశాను. వాసన తగ్గింది. ఆ తర్వాత పటిక దంచి, నీళ్లలో కరిగించి, పూల్ అంతా చల్లి, మోటారు ఆపేశాం. మరునాటికి పైన నీళ్లు తేరుకుని, అడుగున ఎర్రమట్టి జంపఖానా పరిచినట్టు ఉంది. బావ చీపురు తగిలించిన పైపుతో, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన నడిచినట్టు మెల్లగా లాగాడు. జంపఖానా చారలు చారలుగా లేచిపోయింది. తెల్ల టైల్స్ బయటపడ్డాయి. మెట్ల మీది మరకలను నేనే మోకాళ్ల మీద కూర్చుని నిమ్మకాయలతో రుద్దాను.

ప్రహరీ మీదవాళ్లు హైపో డబ్బా ఒక్కటే చూశారు. "ఫోటో కడిగినట్టు నీళ్లను కడిగినాడప్పా!" అన్నారు. నేను కాదనలేదు.

బాప్తిస్మం ఆదివారం వచ్చింది. సంఘపెద్ద వాళ్లమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. మునిగి లేచి, మొదట తన చీర కుచ్చిళ్లు ఎత్తి వెలుతురులో చూసుకుంది. తెల్లగానే ఉన్నాయి. "స్తోత్రం!" అంది గట్టిగా. గట్టు మీద అందరూ నవ్వారు, పాట ఎత్తుకున్నారు. నా కళ్లు చెమర్చాయి. అంతవరకు బాగుంది.

చివర సంఘపెద్ద ప్రార్థన చేశాడు. పాడైన నీళ్లను తన తెలివితో తిరిగి తేటపరచిన ఈ సహోదరుణ్ని దీవించమన్నాడు. తెలియక ఆ నీళ్లను చెడగొట్టిన ఆ పెద్దాయనను కూడా క్షమించమన్నాడు. ఆయనకు తెలిసింది అదే, మంచి మనసుతోనే అన్నాడు. ఆ పెద్దాయన, మా బావ, ఫిల్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ "ఆమేన్" అన్నారు. వాళ్లతో పాటు నేనూ అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ అనలేదు. నా జన్మలో మొదటి ఆమేన్ ఒక అబద్ధం మీద పడింది.

పూల్ తెరిచాం. కడప పిల్లలంతా అందులోనే ఉన్నారు అన్నట్టుండేది. బావ మాత్రం ఆ వైపు రావడం మానేశాడు. పనుందేమో అనుకున్నాను. ఒకనాడు అక్క టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది.

"మీ బావ తిట్టడం మానేసినాడురా" అంది.

"మంచిదే గదక్కా."

"ఏం మంచిది? ఎవురన్నా వచ్చి ఆకు చూపిస్తే, 'మందు ప్యాకెట్టు మీద రాసుండాది, చదువుకో' అంటాండాడు. 'నేను చెప్తే నీ తోట నీలమైపోతాదేమో' అంటాడు. వాళ్లు నవ్వుతారు, ఈయన నవ్వడు. చీనీ తోటలోళ్లు సగం మంది పక్క దుకాణానికి పోతాండారు. పోతే పోనీలే. ఇంట్లో గూడా మాట్లాడడు. నేనొక్కదాన్నే ఎంతసేపని మాట్లాడేది?"

మాటతో బతికే మనిషి మాట మానేశాడు. నేను పూల్ వైపు చూద్దామనుకున్నాను, కానీ నీళ్లు ఇప్పుడు తేటగా ఉన్నాయి, చూడటానికి ఏమీ లేదు.

ముందు తేలికైన చోటికి పోయాను, పల్లెకు. సంఘపెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆ ఆమేన్‌ను వెనక్కి తీసుకోవాలని ఉంది, ఏదైనా పద్ధతి ఉందా అని అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదన్నా. ఇంకోటి సరైన దానికి అనడమే. అయినా ఈడ చెప్తే ఏం లాభం? నువ్వు చెప్పాల్సింది యాడ?"

లోపల నుంచి వాళ్లమ్మ కేకేసింది. "ముందు మజ్జిగ తాగమను, దోవలో ధైర్యం చాలదు పాపం!"

దుకాణానికి పోయేసరికి బయట బెంచీ మీద నలుగురైదుగురు రైతులు ఉన్నారు. లోపల బావ పేపరు చదువుతున్నాడు, అక్క గల్లా దగ్గర ఉంది. నేను మధ్యలో నిలబడి చెప్పేశాను. తుత్తం పోసింది నేను. బావ వద్దన్నాడు. బావ చెప్పాడని అక్కకు అబద్ధమాడింది నేను. నీళ్లు బాగు చేసింది బావ.

చెప్పగానే గుండె తేలికవుతుందనుకున్నాను. ఎవరూ నమ్మలేదు.

చీనీ తోటల పెద్ద రైతు ఒకాయన బీడీ ఆర్పి నవ్వాడు. "బాగా నేర్పించినావు గదమ్మా నీ తమ్మునికి! బావ దుకాణం పడిపోతాందని తప్పంతా నెత్తిన ఎత్తుకోని వచ్చినాడు. ఏమప్పా, అక్క ఏం పెడతానన్న్యాది? సంగటి, నాటుకోడా?"

"నిజమే చెప్తాండా" అన్నాను.

"నువ్వు నీళ్లు కడిగినోడివి. నువ్వే పాడుచేసి నువ్వే కడుగుతావా? పోప్పా."

అక్క మాత్రం నమ్మింది. గల్లాపెట్టె మూత టప్పున వేసింది. "ఒరేయ్. ఫోన్ చేసినాడంటివే. నా నోటితోనే నా మొగుని మీద సాక్ష్యం చెప్పిస్తివా?" చేతికందిన గరాటా విసిరింది. భుజానికి తగిలింది. ఆ గరాటా చూసి రైతులకు కొంచెం అనుమానం పుట్టింది. నేర్పించిన అక్క గరాటా విసరదు కదా.

నేను అంతటితో ఆగలేదు. పోయి పూల్ దగ్గర నుంచి బోరు నీళ్లు రెండు సీసాల్లో పట్టుకొచ్చి బెంచీ మీద పెట్టాను. మొదటిదాంట్లో బ్లీచింగ్ వేసి ఊపాను. టీ అయింది. "ఇది నేను మొదట చేసింది. దీన్ని చూసి బావ చిలుమన్నాడు, నేను పాచన్నాను." అందులోనే తుత్తం వేసి ఊపాను. జ్వరమొచ్చిన నెమలి దిగింది. "ఇది నేను రెండోసారి చేసింది." రెండో సీసాలో కూడా టీ చేసి, పటిక చిటికెడు వేసి, ఊపి, కదపకుండా పెట్టాను. "ఇది బావ చెయ్యమన్నది. మీరు టీ తాగి రాండి, తేరుకుంటాది."

ఎవరూ టీకి పోలేదు. బెంచీ దిగి, కింద కూర్చుని, సీసాకు కళ్లు ఆనించి చూశారు. మెల్లగా పీచుపీచుగా ఎరుపు కిందికి దిగడం మొదలైంది. పైన నీరు తేటపడింది. పెద్ద రైతు ఆ సీసాను, నన్ను మార్చి మార్చి చూశాడు.

"అయితే నీళ్లు పారబోసింది గూడా నీ వల్లే?"

"నా వల్లే."

"ఈయన వద్దన్న్యాడు?"

"చేతులు కట్టుకోని కూచోమన్న్యాడు."

"ఆ మాట విననోనివి, మా ముందర హీరో మాదిరి తిరిగితివి గదప్పా ఇన్నాళ్లు." ఈసారి నవ్వలేదు. "ఆయన్ని మేమెన్ని మాటలన్న్యామో తెలుసునా నీకు?"

తెలుసు. విన్నాను. కొన్నిటికి నేనూ నవ్వాను. అదీ చెప్పాను.

బావ పేపరు దించలేదు. అంతసేపూ ఒకే పేజీ. అప్పుడు దాని వెనక నుంచి గొంతు వచ్చింది. "పటిక ఎక్కువేసినావు. చిటికెడంటే చిటికెడే. మళ్ల అదొక రోగం."

పెద్ద రైతు లేచి, తువ్వాలు కొస విప్పాడు. పక్క దుకాణానికి తీసుకుపోతున్న చీనీ ఆకులు కాబోలు, రెండు వాడిపోయి ఉన్నాయి. వాటిని గల్లా మీద పెట్టాడు. బావ పేపరు మడిచాడు. ఒక ఆకు తీసి వాకిట్లో వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, ఈనెలు చూశాడు.

"ఎన్ని మందులు కొట్టినావు దీనికి?"

"మూడు."

"ఎవురు చెప్పినారు?"

"అందరూ."

బావ ఆకును గల్లా మీద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు సవరించుకున్నాడు. వీధి చివర దాకా వినబడేలా మొదలుపెట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. బెంచీ మీద వాళ్లు సర్దుకుని కూర్చున్నారు, అక్క గరాటా ఏరుకుని మూలన పెట్టింది. నేను టీ చెప్పడానికి బయటికి వచ్చాను. బంకు దాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.